వరండాలో నిలబడ్డవాళ్లు

మంగళవారం పొద్దున పదిన్నరకు, ఒకటో గడిలో రాసిన మనిషి కాగితంలోంచి లేచి నిలబడి మంచినీళ్లు అడుగుతాడు. వకుళ కలానికి మూత పెట్టి తన సీసా అందిస్తుంది. అతను గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఒకటో నంబరు గది యాడుందమ్మా?" అంటాడు. ఎడమ చేతివైపు మొదటిదని వకుళ చూపిస్తుంది. అతను గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి పోయి బెంచీ మీద కూర్చుంటాడు.

అతని పేరు పుల్లన్న. ఉప్మాలో ఉప్పు తక్కువైందని అలిగి పాతికేళ్ల కిందట ఇల్లు వదిలాడు. "ఎక్కడున్ననూ వెంటనే రావలెను. ఇకమీదట ఉప్పు నీవే వేసుకొనవచ్చును" అని అతని భార్య పేపర్లో వేయించింది. అలిగి పోయినవాళ్లది ఒకటో గడి. వకుళ ఒకటి అని రాసింది. వరండా మొదట్లో వేసిన బల్లకు ఆ చివర కూర్చున్న దైవాధీనం గారు కూడా ఒకటి అనే రాశారు. ఇద్దరి అంకె కలిసింది కాబట్టి పుల్లన్నకు కూర్చునే హక్కు వచ్చింది.

అంకె కలవకపోతే మాత్రం వరండాలో నిలబడాల్సిందే.

కొండ కింది యూనివర్సిటీలో ప్రొఫెసర్ కాత్యాయని గారు మొదలుపెట్టిన పరిశోధన ఇది. ముప్పై ఏళ్ల జిల్లా పేపరు ముందేసుకుని, అందులో పడ్డ 'కనబడుటలేదు' ప్రకటనలకు విషయ విశ్లేషణ చేయిస్తున్నారు. జనం ఎందుకు తప్పిపోతారని మనుషుల్ని అడిగితే పూటకొక కథ చెబుతారు, కాగితాన్ని అడిగితే ఎప్పుడడిగినా ఒకటే చెబుతుందని ఆవిడ నమ్మకం. అన్ని పేపర్లూ చదవలేరు కాబట్టి కొన్ని ఏరారు. ఏడు రోజులకొకటి తీస్తే ముప్పై ఏళ్లూ మంగళవారాలే చదవాల్సి వస్తుందని, ఎనిమిది రోజులకొకటి తీశారు. చదువుకున్నవాళ్ల తెలివి ఊరికే పోదు.

ప్రతి ప్రకటననూ ఒక చీటీ మీద అతికిస్తారు. ఇద్దరు మనుషులు విడివిడిగా చదివి, ఆ మనిషి ఎందుకు పోయాడో తొమ్మిది గడుల్లో ఒకదాంట్లో రాయాలి. అలకకు ఒకటి, పరీక్షల భయానికి రెండు, తప్పిపోయిన పిల్లలకు ఐదు, కారణం తెలియనివాళ్లకు ఎనిమిది. దేంట్లోనూ ఇమడనివాళ్లకు తొమ్మిది, ఇతరములు. తొమ్మిది పక్కన ఒక ఖాళీ గీత ఉంటుంది. దాని మీద ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు.

నియమాలు రెండే. చీటీల గురించి ఇద్దరూ మాట్లాడుకోకూడదు. రెండోది కాత్యాయని గారు రోజూ చెప్పేది, "కాగితం మీద ఉన్నదే రాయండి. మీకు తెలిసింది రాయొద్దు." ఆవిడ గది వరండాకు ఆ చివర ఉంది. మాట అక్కడ పొద్దున బయల్దేరితే బల్ల దగ్గరికి వచ్చేసరికి టీ వేళవుతుంది, అప్పటికి చల్లారి ఉంటుంది.

దైవాధీనం గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుంటే కాళ్లూ చేతులూ తుప్పు పడతాయని ఈ పనికి వచ్చారు. ఆయనకూ వకుళకూ మధ్య ఒక పూల దుప్పటి తెరలా కట్టి ఉంది. ప్రతి చీటీ తిప్పేముందు ఆయన దుప్పటి వెనక అటు చివర ఒకసారి, ఇటు చివర ఒకసారి తల తిప్పి చూస్తారు. కళ్లద్దాలు తుడుచుకునే గుడ్డ పచ్చ రంగుది, ఒకప్పుడు జెండా. "టీ వచ్చిందా పాపా?" "వచ్చింది సార్." ఇద్దరి మధ్యా నడిచే మాటలు అంతే.

బుధవారం పన్నెండుకు వకుళ చేతికి ఆ చీటీ వస్తుంది.

"కనబడుటలేదు. పేరు అలివేలు. వయసు 14. చామనచాయ, నీలం లంగా, తెల్ల ఓణీ, చేతిలో స్టీలు మరచెంబు. తిరుపతి పోవుచుండగా గుంతకల్లు జంక్షనులో మంచినీళ్లకు దిగి తిరిగి రాలేదు. ఆచూకీ తెలిసినవారు ఈ దిగువ చిరునామాకు తెలుపగలరు." కింద వకుళ వాళ్ల నాయన పేరు.

వకుళకు చీటీ చివరిదాకా చదవనక్కర లేదు, కంఠతా వచ్చు. ఏటా అదే తేదీకి నాయన ఈ వాక్యాలే వేయించేవాడు. పద్నాలుగు అన్న అంకెను ఒక్కసారి కూడా మార్చలేదు. ఏటా ఆ రోజు ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూసేవాళ్లు కాదు.

ఆమె తల ఎత్తేసరికి వరండాలో అక్క నిలబడి ఉంది. అదే నీలం లంగా. మరచెంబు రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుంది. వకుళ లేచి దగ్గరికి పోతుంది.

"వకుళా, ఎంత ఎదిగినావే!" అంటుంది అక్క. "నాకన్నా పెద్దదానివైనావు. అమ్మ ఏం పెట్టిందే నీకు?"

"అందరికీ పెట్టిందే."

"నీళ్లు తెచ్చినా."

వకుళ చెయ్యి చాపుతుంది. అక్క చెంబు వెనక్కి లాక్కుంటుంది. "ఈడ కాదే. రైల్లో ఇస్తేనే తెచ్చినట్టు. ఈడ ఇస్తే ఊరికే ఇచ్చినట్టు అయితుంది." చెంబు పైన చల్లదనానికి చెమట బొట్లు పట్టి ఉన్నాయి. ఇరవై రెండేళ్లు పట్టుకున్నా నీళ్లు వేడెక్కలేదు.

తర్వాత అక్క మామూలుగా, లంగా కుచ్చిళ్లు సర్దుకుంటూ అడుగుతుంది. "నేను ఎక్కలేదని నాయనకు ఎవరూ చెప్పలేదా?"

వకుళ బల్ల దగ్గరికి వచ్చేస్తుంది.

ఎవరూ చెప్పలేదు అన్నది నిజం కాదు. చెప్పారు, వేరేగా చెప్పారు. రైలు కదలబోతుంటే పైబెర్తు మీద సామాను సర్దుతున్న నాయన వెనక్కి తిరక్కుండా, "అక్క ఎక్కిందా?" అని అడిగాడు. ఎనిమిదేళ్ల వకుళ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ సీటు కోసం పొద్దుటినుంచి అక్కతో కొట్లాడి, అక్క దిగ్గానే ఆక్రమించుకుంది. లేచి తలుపు దాకా పోయి చూస్తే సీటు పోతుంది. అక్క ఎక్కకుండా ఎక్కడికి పోతుందిలే అనుకుంది. "ఎక్కింది" అంది. రైలు కదిలింది.

ఆ తర్వాత నాయన ఊరందరికీ ఒకటే చెప్పాడు, "నేనే చూసుకోలేదు" అని. ఎవరు ఎక్కిందన్నారో ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయాడో, దాచాడో వకుళకు తెలియదు. ఆ తప్పు తన నెత్తిన పెట్టుకునే మొన్న ఏప్రిల్లో కన్నుమూశాడు. ఎక్కిందన్న ఆ మాట వకుళ గొంతులో ఇరవై రెండేళ్లుగా అడ్డం పడి ఉంది, అన్నం దాన్ని దాటుకుని దిగుతుంది గానీ అది మాత్రం దిగదు.

ఇప్పుడు చీటీ ఎదురుగా ఉంది. ఎవరు చదివినా ఐదు అనే రాస్తారు, తప్పిపోయిన పిల్లలు. దైవాధీనం గారూ ఐదే రాస్తారు. ఇద్దరివీ కలిస్తే అక్క ఐదో గదిలోకి పోతుంది. వారం చివర ఆ గదికి తలుపేసి, లోపలివాళ్లందరినీ కలిపి నూటికింత అని ఒక అంకె చేస్తారు. అంకెకు లంగా ఓణీలు ఉండవు. వకుళ పెదవి కొరుక్కుని రెండు అని రాస్తుంది, పరీక్షల భయం. అక్క ఏ పరీక్షకూ భయపడిన మనిషి కాదు.

సాయంత్రం కాత్యాయని గారు రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి స్కేలుతో గీత వెంట గీత చూస్తారు. అలివేలు దగ్గర స్కేలు ఆగుతుంది. "విచిత్రంగా ఉందే. ఒకరు రెండు, ఒకరు ఎనిమిది. ఐదు ఎవరూ రాయలేదేంటి?"

వకుళ దుప్పటి వైపు చూస్తుంది. దుప్పటి మీది పూలు తప్ప ఏమీ కనిపించవు.

కలవని చీటీ మర్నాడు మళ్లీ చదవాలి. గురువారానికి వరండా ఇంకా సాగింది. కలవనివాళ్లు ఒకరి వెనక ఒకరు నిలబడి ఉంటే, వాళ్లకు చోటు ఇవ్వడానికి అది తనంతట తనే పొడుగవుతుంది. వాళ్లకు నీళ్లు పోసే అటెండరు ఓబుళమ్మ బిందె చంకనెత్తుకుని బల్ల ముందు ఆగుతుంది.

"నిన్న వీధి పొడుగే ఉండె ఈ వరండా. ఈపొద్దు నడిచీ నడిచీ కసాపురం గుడి అగుపించె నాకు. యాడికని మోయల్ల నేను?"

"ప్రొఫెసరమ్మకు చెప్పు ఓబుళమ్మా."

"ఆయమ్మ దగ్గరికి పోయేసరికి నాకు రిటైరుమెంటు వస్తాది. అది సరే, ఆ చెంబు పిల్లను ఏంటికి నిలబెట్టినారు? కాళ్లు పొంగిపోయినాయి దానికి. ఇద్దరూ ఒక అంకె రాస్తే మీ సొమ్మేం పోయె?"

వకుళ తొంగి చూస్తుంది. అక్క ఒక కాలు మీద నిలబడి రెండోదాన్ని పిక్కకు రుద్దుకుంటోంది. కాసేపటికి కాలు మార్చుకుంటుంది. గోడకు ఆనుకుందామని చూస్తే గోడ మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. నిలబడ్డవాళ్లకు ఆనుకునే వీలు కూడా నియమాల్లో లేదు. అక్కను దగ్గర ఉంచుకోవాలనే కదా ఈ పని చేసింది, తీరా చేసింది అక్కను నిలువుకాళ్ల మీద నిలబెట్టడం. వకుళకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఆ రోజు పోనీ దైవాధీనం గారిలాగా రాద్దామని ఎనిమిది రాస్తుంది. సాయంత్రం స్కేలు మళ్లీ అక్కడే ఆగుతుంది. ఆయన ఈసారి రెండు రాశారు. ఈమె గడిలోకి ఆయన, ఆయన గడిలోకి ఈమె. ఎదురెదురుగా వచ్చే ఇద్దరు మనుషులు ఒకరికొకరు దారి ఇవ్వబోయి మళ్లీ అడ్డం పడ్డట్టుంది వ్యవహారం.

కాత్యాయని గారు స్కేలు కింద పెడతారు. "రేపు ఆఖరు. రేపూ కలవకపోతే ఈ చీటీ లెక్కలోంచి తీసేస్తాను."

"తీసేస్తే ఏమవుతుంది మేడం?"

"ఏమీ కాదు. అసలు పేపర్లో పడనట్టు, అంతే." ఆవిడ మంచి మనిషే, మామూలుగానే చెబుతారు. "పడనట్టు అంటే, పోనట్టు. పోనట్టు అంటే, అసలు లేనట్టు."

శుక్రవారం పొద్దున వరండాకు ఆ చివర కప్పు కూడా లేదు. అక్క అక్కడికి జరిగి ఉంది. ఒంటి అంచుల వెంట చెరిగినట్టుగా ఉంది, కానీ మరచెంబు మాత్రం ఎండకు తళతళమంటోంది. వకుళ పిలిస్తే చెయ్యి ఊపుతుంది. ఆ చేతికి ఎన్ని వేళ్లున్నాయో ఇక్కడినుంచి తెలియడం లేదు.

ఏ అంకె రాయాలి? ఐదు రాస్తే ఆయన ఎనిమిది రాయొచ్చు. ఎనిమిది రాస్తే ఐదు రాయొచ్చు. దుప్పటి ఎత్తి అడగకూడదు. అడిగి రాసిన అంకె నిలవదని, సాయంత్రానికి కాగితం దాన్ని ఉమ్మేస్తుందని మొదటి రోజే చెప్పారు. అవతల మనిషి ఏం రాస్తాడో ఊహించి ఊహించి వకుళకు తల దిమ్మెక్కుతుంది. ఇక ఊహించడం మానేస్తుంది.

ఊహించడం మానేశాక ఆమె దగ్గర మిగిలింది ఒక్కటే. ఎనిమిదేళ్లప్పుడు చూడకుండా చెప్పింది కాబట్టే ఇంత జరిగింది. ఇప్పుడు కళ్లు మూసుకుని మళ్లీ ఒక అంకె వెయ్యడం అంటే, ఆ కిటికీ పక్కనే మళ్లీ కూర్చోవడం. ఆమె కలం తీసి తొమ్మిది అని రాస్తుంది. పక్కన ఉన్న ఖాళీ గీత మీద, గుండ్రంగా, తెలిసింది రాయొద్దన్న నియమాన్ని పక్కన పెట్టి, ఇలా రాస్తుంది. "ఎక్కిందని నేనే చెప్పాను. చూడలేదు."

రాయగానే గొంతు తేలికవుతుంది. ఏడుపు వస్తుంది, ఆపుకోదు. దుప్పటి అవతల దైవాధీనం గారు ముక్కు చీదుకోవడం వినిపిస్తుంది. ఆయనకు జలుబు చేసిందనుకుంటుంది.

సాయంత్రం స్కేలు అలివేలు దగ్గర ఆగుతుంది. కాత్యాయని గారు కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, రెండు షీట్లూ వాళ్లిద్దరి వైపు తిప్పుతారు. దైవాధీనం గారి షీటులోనూ తొమ్మిదే ఉంది. గీత మీద గార్డు డైరీ రాసే పొడుగు అక్షరాల్లో ఉంది. "అందరూ ఎక్కారని నేనే జెండా ఊపాను. చూడలేదు."

"ఇది కాగితం మీద లేదు కదా?" అంటారు కాత్యాయని గారు.

"లేదు మేడం."

"లేదమ్మా," అంటారు దైవాధీనం గారు. "ఆ పొద్దు గుంతకల్లులో బండి పావుగంట లేటు. ముందర చూస్తి, సిగ్నలు పడె. వెనక కొళాయి దిక్కు కూడా చూడల్ల. చూడలే. ఆ పిల్ల చెంబు పట్టుకోని ఉరికింది. కదిలినాక చూసినా నేను. ఆపల్ల. లేటు రాస్తారని ఆపలే." ఆయన పచ్చగుడ్డతో కళ్లు తుడుచుకుంటారు. "అప్పట్నుంచి ఏది తిప్పినా రెండు దిక్కులా చూస్తానే ఉన్నా. ఏం ఫలం?"

వకుళ ఆయన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తుంది. కోపం వస్తుందేమోనని ఎదురుచూస్తుంది. రాదు. ఒక బరువును ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఇన్నాళ్లూ మోశారని, మధ్యలో దుప్పటి ఉండబట్టి ఒకరికొకరు కనిపించలేదని మాత్రం తెలుస్తుంది.

కాత్యాయని గారు రెండు షీట్లూ మళ్లీ తన వైపు తిప్పుకుంటారు. "నియమం ప్రకారం ఇద్దరూ తప్పే రాశారు. కానీ ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా, విడివిడిగా, ఒకటే చూస్తే అది అక్కడ ఉన్నట్టే. పద్ధతి చెప్పేది అదే." ఆవిడ షీటు మీద టిక్కు పెడతారు. దుప్పటి తనంతట తనే ఊడి, మడత పడి, కుర్చీ మీద కూర్చుంటుంది.

తొమ్మిదో గది తలుపు తెరుచుకుంటుంది. ఇన్నాళ్లూ ఎవరూ పోని గది అది. లోపల చెక్కబెంచీలు, కిటికీ చువ్వలు, పైన సామాను పెట్టే బెర్తు. బెర్తు వైపు తిరిగి ఎవరో ఒకాయన పెట్టె సర్దుతున్నాడు. వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆ చొక్కా భుజం దగ్గరి మాసిక అమ్మ వేసిందే.

వరండా చివరనుంచి అక్క పరిగెత్తుకుంటూ వస్తుంది. దైవాధీనం గారు లేచి, గుడ్డను దులిపి జెండా చేసుకుంటారు. ముందు చూస్తారు, వెనక చూస్తారు. జెండా ఊపరు. వకుళ వైపు చూస్తారు.

లోపలి మనిషి వెనక్కి తిరక్కుండా అడుగుతాడు. "అక్క ఎక్కిందా?"

వకుళ ఈసారి చూస్తుంది. తలుపు దాకా పోయి, వంగి చూస్తుంది. అక్క కుడికాలు మెట్టు మీద పడుతుంది, చెయ్యి కమ్మీ పట్టుకుంటుంది, ఎడమకాలు నేల వదులుతుంది. లంగా అంచు తలుపులో ఇరుక్కోకుండా వకుళే లోపలికి నెడుతుంది. రెండు కాళ్లూ లోపల. జడ లోపల. మరచెంబు లోపల.

"ఎక్కింది నాయనా," అంటుంది.

అప్పుడు పచ్చజెండా ఊగుతుంది. తొమ్మిది గదులూ వరండాతో సహా కదులుతాయి. ఒకటో గది కిటికీలోంచి పుల్లన్న చెయ్యి ఊపుతాడు. నిలబడ్డవాళ్లందరికీ లోపల చోటు దొరికింది. కూతపెట్టుకుంటూ వరండా కొండ పక్కగా మలుపు తిరిగి సన్నగిల్లుతుంది. ఓబుళమ్మ బిందె దించి, "హమ్మయ్య, నడక తప్పె" అంటుంది.

ఆరుబయట, సాయంత్రపు ఎండలో, బల్లా దాని దగ్గరి మనుషులూ మిగులుతారు. బల్ల మీద ఇంకొక చీటీ ఉంది. దైవాధీనం గారు అటూ ఇటూ చూసి తిప్పుతారు. ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని విడివిడిగా చదువుతారు.

"కనబడుటలేదు. పేరు వకుళ. వయసు 8. పచ్చ గౌను, రెండు జడలు. గుంతకల్లు జంక్షనులో కిటికీ పక్కన కూర్చుని, నన్ను వదిలి వెళ్లిపోయినది. కోపం లేదు. ఎక్కడున్ననూ అక్కడే ఉండవలెను. నీళ్లు తెస్తున్నాను. ఇట్లు, అక్క అలివేలు."

వకుళ కాళ్లు నేలకు అందడం లేదు. పచ్చ గౌను అంచు మోకాళ్ల మీదికి ఎప్పుడు వచ్చిందో ఆమె గమనించలేదు. ఆమె కుర్చీలోంచి జారి, చీటీ పక్కన నిలబడి, మంచినీళ్లు అడుగుతుంది.

కొండ మలుపు దగ్గర, దారప్పోగంత అయిపోయిన వరండా ఆగుతుంది. ఆగి, వెనక్కి రావడం మొదలుపెడుతుంది. ఆఖరి కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది. ఆ చేతిలో మరచెంబు మూత అప్పటికే తీసి ఉంది.